వినైల్ పలకల నేల: మన్నిక పలకలో ఎంత, పలక కింద ఎంత

డల్లాస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది గృహప్రవేశం అయిన ఏడాదిలోపే చేసే పని కార్పెట్ పీకించడం. పిల్లలు అన్నం ఒలకబోస్తారు, పోపు వాసన కార్పెట్‌కి పట్టి వదలదు, దుమ్ము పడనివాళ్లు ఇంట్లో ఒకరుంటే ఇక చెప్పక్కర్లేదు. అసలైన కర్ర నేల వేయిద్దామంటే ఖర్చు ఎక్కువ, పైగా నీళ్లు పడితే పాడవుతుందని భయం. టైల్ వేయిస్తే చలికాలంలో కాళ్లు జివ్వుమంటాయి. అలా తిరిగి తిరిగి అందరూ వచ్చి ఆగేది వినైల్ పలకల దగ్గరే. ఇక్కడ అందరూ ఎల్‌వీపీ అంటారు, పూర్తిపేరు లగ్జరీ వినైల్ ప్లాంక్.

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 8 మిల్లీమీటర్లది ఖాయం చేశా. మందంగా ఉంటే గట్టిగా ఉంటుంది కదా? వాటర్‌ప్రూఫ్ అని రాసుంది, జీవితకాలం వారంటీ కూడా ఉంది" అన్నాడు. మందం, వాటర్‌ప్రూఫ్, వారంటీ. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ నేల ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పదు. ఆరేళ్ల కిందట నేను కూడా సరిగ్గా ఈ మూడే చూసుకుని కొన్నాను. రెండేళ్లు తిరక్కుండానే, వంటగదిలోంచి హాల్లోకి వచ్చే దారిలో పలకల మధ్య గోరు పట్టేంత సందు పడింది. అక్కడ కాలు పెడితే నేల కొద్దిగా కిందికి దిగి, మళ్లీ పైకి లేచేది. పలక మీద చిన్న గీత కూడా లేదు. పాడైంది పలక కాదు, దాని అంచున పక్క పలకతో బిగిసే లాక్. ఆ లాక్ విరగడానికి కారణం దాని కింద ఉన్న స్లాబ్, అంటే ఇంటి అడుగున పోసిన కాంక్రీట్. ఆ సంగతి అర్థమయ్యాకే ఈ నేలల గురించి ఉన్నదంతా చదవడం, వేసేవాళ్లని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను. తమ్ముడికి ఫోన్లో గంటసేపు చెప్పింది ఇక్కడ కుదురుగా రాస్తున్నాను.

పలకలో ఏముంటుంది

షాపులో నమూనా ముక్కని చేతిలోకి తీసుకుని అంచు వైపు నుంచి చూడండి. పొరలు పొరలుగా కనిపిస్తుంది. అన్నిటికంటే పైన కంటికి కనిపించనంత పల్చగా ఒక పూత ఉంటుంది. అది యూరిథేన్, అతినీలలోహిత కాంతితో గట్టిపరిచింది. మంచి రకాల్లో ఆ పూతలో అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి రేణువులు కలుపుతారు. దాని కింద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర, దాన్నే వేర్ లేయర్ అంటారు. దాని కింద ఒక ఫొటో. అవును, మనం ఓక్ అనీ వాల్‌నట్ అనీ మురిసిపోయేది అచ్చు వేసిన ఫొటో మాత్రమే. ఆ కిందది కోర్, పలకకి బరువూ బలమూ ఇచ్చే భాగం. అట్టడుగున, కొన్నిటికి, మెత్తని ఫోమ్ గానీ కార్క్ గానీ అతికించి ఉంటుంది.

మా తమ్ముడు చెప్పిన 8 మిల్లీమీటర్లు ఈ పొరలన్నీ కలిపిన మందం. కింద అతికించిన మెత్తే అందులో ఒకటిన్నర మిల్లీమీటర్ దాకా ఉండొచ్చు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కోర్. మన కాళ్ల కింద రోజూ అరిగేది మాత్రం పైనున్న వేర్ లేయర్. అది అరిగి ఫొటో దాకా వెళ్లిందంటే ఆ పలక పని అయిపోయినట్టే. కర్ర నేలలాగా గీకించి మళ్లీ పాలిష్ పెట్టించడానికి ఇందులో ఏమీ ఉండదు.

వేర్ లేయర్‌ని అమెరికాలో మిల్స్‌లో చెబుతారు. ఇక్కడ చాలామంది పొరబడతారు, మిల్ అంటే మిల్లీమీటర్ కాదు. అంగుళంలో వెయ్యో వంతు. 6 మిల్స్ అంటే 0.15 మిల్లీమీటర్లు, 12 అంటే 0.3, 20 అంటే 0.5. మీ జేబులో ఉన్న క్రెడిట్ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 30 మిల్స్. ఇళ్లకి అమ్మే వాటిలో గట్టిదనుకునే 20 మిల్స్ పొర ఆ కార్డులో మూడింట రెండొంతులు. నేను మొదట కొన్న 8 మిల్లీమీటర్ల పలక మీద ఉన్నది 6 మిల్స్. పెట్టె మీద 8 అన్న అంకె అరచేయంత పెద్దది, 6 అన్నది వెనకవైపు సన్నటి అక్షరాల్లో.

ఎంత తీసుకోవాలన్నదానికి నా అభిప్రాయం ఇది. చెప్పులూ బూట్లూ గుమ్మం దగ్గరే విడిచే అలవాటు మనకి ఈ విషయంలో పెద్ద వరం. నేలని అరగదీసేది మనిషి బరువు కాదు, బూట్ల కింద అంటుకొచ్చే ఇసుక. అలాంటి ఇంట్లో పడకగదులకి 12 మిల్స్ చాలు. హాలు, వంటగది, గరాజ్ తలుపు దగ్గర దారి, కుక్క ఉన్న ఇల్లు అయితే 20కి తగ్గొద్దు. ఇల్లంతా ఒకే పలక వేస్తారు కాబట్టి 20 తీసుకోవడమే సులువు. 28, అంతకంటే ఎక్కువ ఉన్నవి దుకాణాలకీ ఆఫీసులకీ ఉద్దేశించినవి, ఇంటికి వాటి అవసరం అరుదు. కొన్ని పెట్టెల మీద యూరప్ పద్ధతిలో 23, 33, 42 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఇరవైల్లో ఉన్నది ఇంటి వాడకానికి, ముప్పైల్లో ఉన్నది వ్యాపార స్థలాలకి, నలభైల్లో ఉన్నది తేలికపాటి పరిశ్రమలకి. రెండో అంకె పెరిగేకొద్దీ ఎక్కువ రాకపోకలకి తట్టుకుంటుందని అర్థం. ఏసీ3, ఏసీ4 అని రాసి ఉంటే మాత్రం అది వినైల్ కాదు, లామినేట్, అంటే నొక్కిన చెక్కపొడి కోర్ ఉన్న పలక. రెండూ ఒకే వరసలో పెట్టి అమ్ముతారు, చూసుకోండి.

ఇంకో మాట. వేర్ లేయర్ మందంగా ఉన్నంత మాత్రాన గీతలు పడవని కాదు. అది ఫొటోని కాపాడుతుంది, అంతే. సన్నటి గీతల్ని ఆపేది పైనున్న యూరిథేన్ పూత. 20 మిల్స్ ఉన్నా పూత నాసిరకమైతే ఆరునెలలకే వెలుతురులో గీతలు మెరుస్తాయి. పూత ఎంత మంచిదో చెప్పే అంకె పెట్టె మీద ఉండదు. అందుకే నమూనా ముక్కలు ఇంటికి తెచ్చుకుని తాళంచెవితో, నాణెంతో గట్టిగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర పెట్టి ఏటవాలుగా చూడండి. రెండు మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. వెట్ గ్రైండర్‌నో ఫ్రిజ్‌నో ఈడిస్తే మాత్రం ఏ పూతా ఆగదు. ఎత్తి పెట్టాలి, లేదా కింద మందపాటి అట్ట వేసి జరపాలి.

కోర్: నురగా, రాయా

వినైల్ నేల కొత్తదేం కాదు. 1933లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలోనే వినైల్ టైల్‌ని జనానికి చూపించారు. కానీ చాలాకాలం అది జిగురుతో అతికించే పల్చటి, వంగే ప్లాస్టిక్. కింద స్లాబ్‌లో చిన్న గింజంత ఎత్తున్నా పైకి కనిపించేది. ఆ కథ మారింది జార్జియాలోని డాల్టన్‌లో. అట్లాంటాకి ఉత్తరాన ఉండే ఆ చిన్న ఊరిని ప్రపంచ కార్పెట్ రాజధాని అని పిలుస్తారు. అక్కడి యూఎస్‌ఫ్లోర్స్ అనే కంపెనీ 2013 ప్రాంతంలో కోర్‌టెక్ పేరుతో గట్టి కోర్ ఉన్న పలకల్ని తెచ్చింది. ఒకదాని అంచు ఇంకోదానిలోకి దూర్చి నొక్కితే బిగుసుకుంటుంది, జిగురు అక్కర్లేదు, నీళ్లకి ఉబ్బదు. కార్పెట్ రాజధానిలో పుట్టిన ఈ పలకే ఇప్పుడు కార్పెట్‌ని ఇళ్లలోంచి తీయిస్తోంది.

ఆ మొదటి రకం కోర్‌ని డబ్ల్యూపీసీ అంటారు. అందులో ప్లాస్టిక్‌ని నురగలాగా పొంగిస్తారు, గాలి బుడగలుంటాయి. అందుకే మందంగా ఉన్నా తేలిగ్గా ఉంటుంది, కాలికి మెత్తగా, వెచ్చగా ఉంటుంది, చప్పుడు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడి వంట చేసే ఇంట్లో ఇది హాయి. అయితే బరువైన సోఫా కాళ్లు, మంచం కాళ్లు దిగబడి సొట్ట పడుతుంది. ఆ తర్వాత వచ్చింది ఎస్‌పీసీ. అందులో సగానికి పైగా సున్నపురాయి పొడి, మిగతాది పీవీసీ, అంటే వినైల్ ప్లాస్టిక్. రెండు పలకలు చేతుల్లోకి తీసుకుంటే బరువులోనే తెలిసిపోతుంది. సొట్టలు తక్కువ పడతాయి. రాతిపొడి ఎక్కువ కాబట్టి ఎండకీ చలికీ సాగడం, కుంచించుకుపోవడం కూడా తక్కువ. 5 మిల్లీమీటర్ల ఎస్‌పీసీ చాలా విషయాల్లో 8 మిల్లీమీటర్ల డబ్ల్యూపీసీ కంటే గట్టిది. మందం చూసి బలం లెక్కకట్టకూడదనేది ఇందుకే.

ఎస్‌పీసీకీ ఒక బలహీనత ఉంది. రాయి ఎంత ఎక్కువైతే అంత పెళుసు. చవక రకాల్లో పీవీసీ తగ్గించి పొడి దట్టిస్తారు. దాని ప్రభావం పలక నడుమ కనిపించదు, అంచున ఉన్న లాక్‌లో బయటపడుతుంది. అక్కడ పదార్థం మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉంటుంది. నమూనా ముక్క మూలని బొటనవేలితో వంచి చూడండి. మంచిదైతే కొంచెం వంగి వెనక్కి వస్తుంది. బిస్కెట్‌లాగా పుటుక్కున విరిగిందంటే ఆ పెట్టె అక్కడే వదిలేసి రండి. లాక్‌ల నమూనాలకి బెల్జియం కంపెనీ యూనిలిన్, స్వీడన్ కంపెనీ వాలింగె పేటెంట్లు ప్రసిద్ధం. పెట్టె మీద వీటిలో ఒకదాని లైసెన్స్ గుర్తు ఉంటే లాక్ ఆకారం విషయంలో కొంత నమ్మకం. వీలైతే రెండు ముక్కలు అడిగి షాపులోనే బిగించి, అతుకు మీద వేలు నడిపించి చూడండి, మెట్టులా తగలకూడదు.

అసలు సంగతి కింద ఉంది

డల్లాస్ నిలబడి ఉన్న నేల పేరు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. పేరుకి తగ్గట్టే నల్లటి బంకమన్ను. గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకి ఈ మట్టి చూడగానే తెలుస్తుంది, ఇది మన నల్లరేగడి లాంటిదే. వాన పడితే ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. ఇక్కడి ఇళ్లు చాలావరకు ఆ మట్టి మీద నేరుగా పోసిన కాంక్రీట్ స్లాబ్ మీద కట్టినవి. మట్టి ఉబ్బి తగ్గుతుంటే స్లాబ్ కూడా కాస్త కదులుతుంది. వేసవిలో ఇంటి చుట్టూ పునాది పక్కన నీళ్ల పైపు పెట్టి తడుపుతుంటారు చూడండి, అది ఇందుకే. పైన కార్పెట్ ఉన్నన్నాళ్లూ స్లాబ్ ఎత్తుపల్లాలు ఎవరికీ తెలియవు, మెత్త అంతా దాచేస్తుంది. కార్పెట్ తీసి గట్టి పలక వేశాకే అసలు రూపం బయటపడుతుంది.

ఇలా జిగురు లేకుండా లాక్‌తో బిగించే క్లిక్ పలకల నేల స్లాబ్‌కి అతుక్కోదు. దాని మీద ఒకే పెద్ద షీట్‌లాగా తేలుతూ ఉంటుంది. స్లాబ్‌లో ఒకచోట పల్లం ఉందనుకోండి, ఆ పల్లం మీద పలక వంతెనలాగా గాల్లో ఉంటుంది. మనం అడుగు వేసిన ప్రతిసారీ అది వంగుతుంది, ఆ వంపు భారమంతా మిల్లీమీటర్ మందం లాక్ మోస్తుంది. వంటగదికీ హాలుకీ మధ్య రోజుకి ఎన్నిసార్లు తిరుగుతాం? కొన్ని నెలలకి లాక్ అలిసిపోతుంది, విరుగుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. పనివాళ్లు కార్పెట్ తీసిన రోజే పలకలు వేయడం మొదలుపెట్టారు. స్లాబ్ కొలవలేదు, నాకు అడగాలని తెలియదు.

చాలా కంపెనీలు పెట్టే షరతు ఒకటే తరహాలో ఉంటుంది. 10 అడుగుల పొడవులో ఎత్తుపల్లాల తేడా అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంకా కచ్చితంగా అడిగే కంపెనీలూ ఉన్నాయి. దీన్ని కొలవడానికి ఇంజనీర్ అక్కర్లేదు. తిన్నగా ఉన్న 10 అడుగుల అల్యూమినియం బద్ద నేల మీద పెట్టి, టార్చ్ లైట్ వెనక నుంచి వేస్తే, ఎక్కడ వెలుతురు వస్తోందో అక్కడ పల్లం. కార్పెట్ తీసిన సాయంత్రం, పనివాళ్లు వెళ్లాక, ఇల్లంతా అటూ ఇటూ బద్ద జరిపి సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. పల్లాల్లో లెవెలింగ్ సిమెంట్ నింపాలి, ఎత్తుల్ని గ్రైండ్ చేయాలి. కొటేషన్‌లో ఇది లేకపోతే ముందే రాయించుకోండి. పని మధ్యలో అడిగితే ధర వాళ్ల చేతిలో ఉంటుంది.

పల్లాల్ని ఫోమ్ షీట్‌తో కప్పేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. "ఇంకో మెత్త వేస్తే ఇంకా మెత్తగా ఉంటుంది కదండీ" అని వేసేవాళ్లే చెబుతారు. పలకకి అప్పటికే మెత్త అతికించి ఉంటే దాని కింద ఇంకోటి వేయకూడదు. మెత్త ఎక్కువైతే పలక ఇంకా వంగుతుంది, లాక్ ఇంకా తొందరగా పోతుంది. చాలా కంపెనీల వారంటీ ఆ ఒక్క కారణంతోనే రద్దవుతుంది.

తర్వాత తేమ. మట్టిలోని తడి కాంక్రీట్‌లోంచి ఆవిరిగా పైకి వస్తూనే ఉంటుంది. కార్పెట్ ఉంటే గదిలోకి పోతుంది. వినైల్ ఉంటే పోలేదు, కింద చేరి బూజు పట్టొచ్చు, జిగురుతో అతికించిన పలకలైతే జిగురు వదిలేయొచ్చు. పైపైన తెలుసుకోవడానికి ఒకటిన్నర అడుగు చదరపు ప్లాస్టిక్ షీట్‌ని నాలుగు వైపులా టేప్‌తో అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు లోపల చెమ్మ కనిపించినా, కాంక్రీట్ రంగు ముదిరినా కచ్చితమైన పరీక్ష చేయించాల్సిందే. ఆ పరీక్షకి స్లాబ్‌లో రంధ్రాలు చేసి లోపల తేమ కొలుస్తారు, ఏఎస్‌టీఎం ఎఫ్2170 అని అడిగితే తెలుస్తుంది. ఒక జాగ్రత్త. డల్లాస్ ప్రాంతంలో చాలా స్లాబుల్లో బిగించి లాగిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చూసుకోకుండా స్లాబ్‌లో రంధ్రం చేయడం ప్రమాదం. ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించండి.

మేడ మీద గదుల్లో స్లాబ్ ఉండదు, చెక్క షీట్లు ఉంటాయి. అక్కడ నడుస్తూ కిర్రుమన్న ప్రతిచోటా ముందు స్క్రూలు బిగించాలి. పలక వేశాక ఆ చప్పుడు తీయడం అంటే మళ్లీ అంతా విప్పడమే. 1980కి ముందు కట్టిన ఇల్లు కొంటే ఇంకో సంగతి. కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు పాత టైల్స్ బయటపడితే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. గీకొద్దు, పగలగొట్టొద్దు. ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే ఏదైనా.

నీళ్లు, ఎండ, కర్పూరం

వాటర్‌ప్రూఫ్ అన్న మాట అబద్ధం కాదు. పలకని నెలరోజులు బకెట్లో ముంచినా ఉబ్బదు. కానీ ఆ మాట పలక గురించి, మీ ఇంటి గురించి కాదు. డిష్‌వాషర్ కింద పైపు లీకైతే నీళ్లు గోడ అంచుల్లోంచి పలకల కిందికి వెళ్తాయి, పలకలు వాటిని ఆరనివ్వవు. పైకి చక్కగా కనిపిస్తూనే కింద తడి నెలల తరబడి నిలుస్తుంది. గోడ అంచు చెక్కలు ఉబ్బుతాయి, వాసన వస్తుంది. అలాంటప్పుడు అంచు నుంచి పలకలు విప్పి, స్లాబ్ ఆరబెట్టి, మళ్లీ బిగించాలి. అమ్మవాళ్లు వచ్చినప్పుడు అలవాటు కొద్దీ బకెట్‌తో నీళ్లు కొట్టి కడగబోతారు. మెల్లగా చెప్పి, బాగా పిండిన మాప్ చేతికివ్వండి. ఆవిరి మాప్ కూడా చాలా కంపెనీలు వద్దంటాయి.

ఎండ సంగతి టెక్సస్‌లో మరిచిపోకూడదు. పడమటి వైపు పెద్ద అద్దం తలుపు ఉంటే ఆ మేర నేల బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ వేడికి సాగుతుంది. సాగడానికి గోడల దగ్గర చోటు లేకపోతే నడుమ గుట్టలా లేస్తుంది. అందుకే అన్ని గోడల దగ్గరా పావు అంగుళం ఖాళీ వదిలి, దాన్ని చెక్క అంచుతో కప్పుతారు. ఆ అంచు మేకులు గోడకి కొట్టాలి, నేలకి కొట్టకూడదు. ఇదే కారణంతో వంటగది మధ్యలో ఉండే ఐలాండ్‌ని గానీ క్యాబినెట్లని గానీ తేలే నేల మీద పెట్టి బిగించకూడదు. ఒక చివర మేకు కొట్టిన షీట్ ఇంకో చివర లాగుతుంది, మధ్యలో అతుకు విడుతుంది. క్యాబినెట్లు ముందు, పలకలు తర్వాత. గది బాగా పొడవైతే మధ్యలో నేలని విడగొట్టే విరామం పట్టీ ఎన్ని అడుగులకి పెట్టాలో ఆ కంపెనీ సూచనల్లో ఉంటుంది. చూడ్డానికి బాగోదని ఆ పట్టీ వద్దనకండి.

పూజగది విషయం మనకే ప్రత్యేకం, ఏ షాపువాళ్లూ చెప్పరు. వినైల్ నిప్పుకి ఆగదు. అగరబత్తి నుసి నిప్పుతో రాలినా, హారతి కర్పూరం తుళ్లినా నల్లటి మచ్చ పడి అక్కడ కరుగుతుంది, అది పోదు. పొయ్యి మీంచి దించిన కుక్కర్ నేల మీద పెట్టినా అంతే. పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. పూజ మందిరం ముందు గ్రానైట్ పలక ఒకటి పరుచుకోండి, దీపాలన్నీ దాని మీదే. పసుపు ఒలికితే వెంటనే తుడవాలి, ఆలస్యమైతే పసుపు చాయ మిగులుతుంది. అయితే పసుపు రంగు వెలుతురుకి వెలిసిపోయే గుణం ఉన్నది, ఎండ తగిలే చోట కొన్ని రోజులకి చాలావరకు పోతుంది. అంతకంటే మొండిది రబ్బర్ మచ్చ. కింద రబ్బర్ ఉన్న డోర్ మ్యాట్లు నెలల తరబడి ఒకేచోట ఉంటే, ఆ రబ్బర్‌లోని రసాయనాలు వినైల్‌లోకి దిగి పసుపురంగు మచ్చ శాశ్వతంగా పడుతుంది. గుడ్డ మ్యాట్ వాడండి.

పాకే పిల్లలున్న ఇంట్లో రసాయనాల గురించి టెన్షన్ పడటం సహజం. మెత్తటి వినైల్‌లో థాలేట్లు అనే మెత్తబరిచే పదార్థాలు వాడేవారు. హోమ్ డిపో, లోస్ లాంటి పెద్ద గొలుసు దుకాణాలు 2015లో వాటిని వినైల్ నేలల్లోంచి తీసేస్తామని ప్రకటించాయి. ఎక్కడ కొన్నా "థాలేట్లు లేవు" అన్న మాట రాతలో ఉందో లేదో చూడండి. ఫ్లోర్‌స్కోర్ అనే గుర్తు వేరు. అది గదిలోకి వచ్చే ఆవిరి పదార్థాలు హద్దులో ఉన్నాయని చెబుతుంది, పలక లోపల ఏముందో చెప్పదు. రెండూ చూడటం మంచిది.

వారంటీ కాగితం కొనకముందే చదవండి. "జీవితకాలం" అన్నది సాధారణంగా వేర్ లేయర్ పూర్తిగా అరిగి ఫొటో పోవడానికే వర్తిస్తుంది. గీతలు, సొట్టలు, స్లాబ్ వల్ల విరిగిన లాకులు అందులో ఉండవు. ఇల్లు అమ్మితే చాలాసార్లు వారంటీ కొత్తవాళ్లకి వెళ్లదు. నా విషయంలో కంపెనీవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "స్లాబ్ సమతలంగా ఉందని కొలిచిన రికార్డు ఉందా?" నా దగ్గర లేదు. బద్ద పెట్టి కొలిచినప్పుడు, తేమ పరీక్ష చేసినప్పుడు ఫొటోలు తీసి దాచుకోండి.

ఇక హైదరాబాద్, విజయవాడలో ఉన్నవాళ్లు కూడా ఈమధ్య అడుగుతున్నారు. అక్కడి ఇళ్లకి నా సలహా వేరు. రోజూ తడిపి తుడిచే, వారానికోసారి కడిగే నేలకి తాండూరు రాయి, కడప బండ, విట్రిఫైడ్ టైల్ ముందు వినైల్ మన్నికలో నిలవలేదు. అది పనికొచ్చేది ఒకచోట. పాత టైల్స్ పగలగొట్టకుండా, దుమ్మూ ధూళీ లేకుండా, రెండు రోజుల్లో పడకగది రూపం మార్చాలంటే ఎస్‌పీసీ పలకలు మంచి దారి. టైల్స్ మధ్య గాడులు వెడల్పుగా ఉంటే ముందు నింపించాలి, తలుపులు కింద కొంచెం కోయించాల్సి రావచ్చు. అక్కడ వేర్ లేయర్‌ని మిల్లీమీటర్లలోనే చెబుతారు, 0.3 గానీ 0.5 గానీ ఉందా అని అడగండి. గోడల అడుగున చెమ్మ ఎక్కే గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో మాత్రం వేయించకండి.

మా తమ్ముడు ఆ 8 మిల్లీమీటర్లది రద్దు చేశాడు. 20 మిల్స్ పొర ఉన్న 6 మిల్లీమీటర్ల ఎస్‌పీసీ తీసుకున్నాడు. బద్ద పెట్టి చూస్తే హాల్లో ఒకచోట, భోజనాల బల్ల దగ్గర ఒకచోట పల్లం దొరికింది, దాన్ని నింపించాకే పలకలు దింపించాడు. కావాల్సినదానికంటే పది శాతం ఎక్కువ కొనమన్నాను, కోతల్లో పోతాయి. దాని పైన ఇంకో రెండు పెట్టెలు. ఐదేళ్ల తర్వాత ఒక పలక మార్చాల్సి వస్తే అదే రంగు, అదే లాక్ దొరకడం కష్టం. ఆ రెండు పెట్టెలూ అటక మీద పెట్టబోతే ఆపాను. టెక్సస్ ఎండాకాలంలో అటక కొలిమిలా ఉంటుంది, పలకలు వంకర తిరుగుతాయి. ఇప్పుడవి మేడ మీద బట్టల అల్మరాలో, నేల మీద బల్లపరుపుగా పడుకోబెట్టి ఉన్నాయి.